కార్మార్థెన్: ఒక వేల్స్ నియోజకవర్గపు ఎన్నికల చరిత్ర

కార్మార్థెన్ వేల్స్ దేశానికి నైరుతి దిక్కున, టవీ నది ఒడ్డున ఉన్న పాత పట్టణం. వేల్స్ భాషలో దీని పేరు కైర్‌వర్దిన్. ఈ పట్టణం పేరుతో బ్రిటిష్ కామన్స్ సభకు ఒక సభ్యుణ్ణి పంపే నియోజకవర్గం 1918 నుంచి 1997 వరకు ఉండేది. 2024లో సరిహద్దులు మార్చి, వేల్స్ భాషలోని పేరునే అధికారికంగా ఖాయం చేసి, దాన్ని మళ్ళీ నిలబెట్టారు. మొదటి ఎనభై ఏళ్ళలో ఈ సీటు లిబరల్, లేబర్, ప్లైడ్ కమ్రీ పార్టీల మధ్య చేతులు మారుతూ వచ్చింది. ప్లైడ్ కమ్రీ 1925లో పుట్టిన వేల్స్ జాతీయవాద పార్టీ. ఆ ఎనభై ఏళ్ళలో కన్సర్వేటివులు ఇక్కడ ఒక్క ఎన్నికా గెలవలేదు. గెలిచిన లిబరల్ సభ్యుడే ఒకాయన వాళ్ళలో కలిసిపోవడంతో రెండేళ్ళపాటు సీటు మాత్రం దక్కింది.

వేల్స్ ఎన్నికలంటే బొగ్గు గనుల లోయలు, వాటిలో లేబర్ పార్టీకి వేలకు వేల మెజారిటీలు అన్నదే చాలామందికి తెలిసిన బొమ్మ. కార్మార్థెన్ ఆ బొమ్మలో ఇమడదు. ఇక్కడ 47 ఓట్ల తేడాతో ఒకసారి, 187 ఓట్ల తేడాతో మరోసారి, 3 ఓట్ల తేడాతో ఇంకోసారి ఫలితం తేలింది. నియోజకవర్గంలో ఎక్కువ భాగం పాడి రైతుల ఊళ్ళు. ఆగ్నేయాన గ్వెండ్రైత్ లోయలో ఆంత్రసైట్ బొగ్గు గనులు ఉండేవి. రైతు ఊళ్ళలోనూ గని ఊళ్ళలోనూ మాట్లాడేది వేల్స్ భాషే. రెండు చోట్లా జనం వెళ్ళేది ఆంగ్లికన్ చర్చికి చెందని చాపెళ్ళకే. అందుకే గనుల ఓటు లేబర్‌కు, పొలాల ఓటు లిబరళ్ళకు అని గీత గీసి లెక్క చెప్పడం కుదరదు. లిబరల్ పార్టీ క్షీణిస్తున్న కొద్దీ దాని ఓటు ఎవరి ఇంటికి చేరింది, ఎవరిని చూసి చేరింది అన్నదే ఈ చరిత్రలో అసలు ప్రశ్న.

1918కి ముందు

1536 నాటి చట్టంతో వేల్స్‌కు ఇంగ్లండ్ పార్లమెంటులో చోటు దక్కింది. కార్మార్థెన్ జిల్లాకు ఒక సభ్యుడు, పట్టణానికి ఒక సభ్యుడు వచ్చారు. 1832 సంస్కరణతో జిల్లాకు రెండో సభ్యుడు కలిశాడు. పట్టణపు సీటులో లనెల్లి కూడా చేరింది. ఆ మూడు వందల ఏళ్ళలో చాలా ఎన్నికలు భూస్వాముల కుటుంబాల మధ్య ఒప్పందాలతోనే ముగిసిపోయాయి. చెప్పుకోదగ్గది 1802 నాటి జిల్లా ఎన్నిక. స్థానికులు దాన్ని పెద్ద ఎన్నిక అనే అర్థం వచ్చేలా 'లెక్షన్ వావర్' అని పిలుచుకున్నారు.

ఆ పోటీలో విగ్ పక్షం (తర్వాతి లిబరళ్ళకు పూర్వరూపం) అభ్యర్థి విలియం పాక్స్‌టన్. ఈయన కథ మొదలయ్యేది మన దేశంలోనే: కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ టంకశాల అధికారిగా పనిచేసి, వ్యాపారంలోనూ బాగా గడించి, ఆ డబ్బుతో టవీ లోయలో మిడిల్టన్ హాల్ ఎస్టేటు కొన్నాడు. ఎదుటి పక్షం నుంచి నిలబడినవాడు జేమ్స్ హామ్లిన్ విలియమ్స్. ఓటర్లకు తిండీ తాగుడూ అభ్యర్థే పెట్టుకోవలసిన రోజులవి. పాక్స్‌టన్ ఖర్చుల పద్దు ఇప్పటికీ చరిత్ర పుస్తకాల్లో కనిపిస్తుంది. ఉదయపు ఫలహారాలు 11,070. భోజనాలు 36,901. బీరు 25,275 గాలన్లు. స్పిరిట్స్ 11,068 సీసాలు. రిబ్బన్లకే 786 పౌండ్లు. గుర్రాల బాడుగకు విడివిడిగా 4,521 పద్దులు. అంతా కలిపి 15,690 పౌండ్లు. ఓటుకు నోటు మనవాళ్ళు కనిపెట్టిన విద్య అనుకునేవాళ్ళకు ఈ పద్దు ఒకసారి చూపించాలి. ఇంత చేసీ పాక్స్‌టన్ ఓడిపోయాడు. మరుసటి ఏడాదే పట్టణపు సీటు నుంచి పార్లమెంటుకు వెళ్ళాడు. నదిని చూస్తున్న కొండ మీద నెల్సన్ స్మారకంగా ఆయన కట్టించిన గోపురం ఇంకా ఉంది. గెలిస్తే వంతెన కట్టిస్తానని మాటిచ్చి, ఓడిపోయాక ఆ డబ్బుతో గోపురం లేపాడని ఊళ్ళో ఒక కథ చెప్పుకుంటారు. ఆయన ఎస్టేటులో ఇప్పుడు వేల్స్ జాతీయ వృక్షశాస్త్ర ఉద్యానవనం నడుస్తోంది.

రెండో మలుపు 1868. ఓటు హక్కు విస్తరించిన తర్వాత వచ్చిన ఆ తొలి ఎన్నికలో ఓటు ఇంకా బహిరంగమే. ఎవరికి వేశావో అందరికీ తెలిసేది. కార్మార్థెన్, కార్డిగన్ జిల్లాల్లో లిబరళ్ళకు ఓటేసిన కౌలు రైతులను కొందరు భూస్వాములు పొలాల నుంచి వెళ్ళగొట్టారు. 1869లో లిబరల్ ఎంపీ హెన్రీ రిచర్డ్ ఈ అన్యాయాన్ని కామన్స్ సభలో లేవనెత్తాడు. 1872లో రహస్య ఓటింగ్ చట్టం రావడానికి ఈ వెళ్ళగొట్టుడు కూడా ఒక కారణం. ఆ దెబ్బ ఈ పల్లెల జ్ఞాపకంలో చాలాకాలం నిలిచింది. లిబరల్ ఓటంటే ఆత్మగౌరవం, చాపెల్, సొంత భాష అన్న భావం అక్కడి నుంచే గట్టిపడింది. 1885లో జిల్లాను తూర్పు, పడమర నియోజకవర్గాలుగా విడదీశారు.

లిబరళ్ళ పట్టు సడలిన కాలం

1918లో కొత్త కార్మార్థెన్ సీటుకు తొలి సభ్యుడైన జాన్ హైండ్స్ లండన్‌లో బట్టల వ్యాపారి, లిబరల్. 1923లో సర్ ఎలిస్ ఎలిస్ గ్రిఫిత్ గెలిచి, ఏడాది తిరక్కుండానే రాజీనామా చేశాడు. 1924 ఆగస్టు ఉపఎన్నికలో లిబరళ్ళు దించినది సర్ ఆల్‌ఫ్రెడ్ మాండ్‌ను. రసాయన పరిశ్రమల అధిపతి, మాజీ ఆరోగ్య మంత్రి. అంతకు ముందు ఏడాదే స్వాన్సీలో ఓడి సీటు కోసం వెతుక్కుంటున్న మనిషి. సులువుగానే గెలిచాడు. లిబరల్ నాయకుడు లాయిడ్ జార్జ్ భూమి విధానం నచ్చక 1926లో కన్సర్వేటివుల వైపు గోడ దూకాడు. అదే ఏడాది ఐసీఐ అనే మహా రసాయన సంస్థ స్థాపనలో ముఖ్యుడు. 1928లో లార్డ్ మెల్చెట్‌గా ప్రభువుల సభకు వెళ్ళిపోయాడు. పాడి రైతుల ఊళ్ళకు లాయిడ్ జార్జ్ ఎంత దగ్గరో, మాండ్ అంత దూరం. నాలుగేళ్ళు ప్రాతినిధ్యం వహించినా ఆయన ముద్రంటూ ఇక్కడ మిగల్లేదు.

మాండ్ ఖాళీ చేసిన సీటుకు 1928 జూన్‌లో జరిగిన ఉపఎన్నిక మూడు ముక్కలాట. లిబరల్ విలియం నథానియల్ జోన్స్‌కు 10,201 ఓట్లు, లేబర్ డాన్ హాప్కిన్‌కు 10,154, కన్సర్వేటివ్ సర్ కోర్ట్నీ మాన్సెల్‌కు 8,361. తేడా 47. ఈ మాన్సెల్ కూడా ఒకప్పుడు లిబరల్ ఎంపీగా ఉన్నవాడే. అక్కడి నుంచి పదిహేడేళ్ళు సీటు ఊగిసలాడింది: 1929లో హాప్కిన్, 1931లో లిబరల్ ఆర్. టి. ఎవాన్స్, 1935లో మళ్ళీ హాప్కిన్. 1941లో హాప్కిన్ లండన్‌లో మెజిస్ట్రేటు ఉద్యోగానికి వెళ్ళిపోతే, యుద్ధకాలపు సర్దుబాటు ప్రకారం లేబర్ అభ్యర్థి మొయెల్విన్ హ్యూస్ పోటీ లేకుండా ఎన్నికయ్యాడు.

1945లో దేశమంతా లేబర్ ప్రభంజనం వీచింది. కార్మార్థెన్‌లో మాత్రం లేబర్ సభ్యుడు ఓడాడు, లిబరల్ రీస్ హాప్కిన్ మోరిస్ గెలిచాడు. న్యాయవాది, బీబీసీ వేల్స్ విభాగానికి అధిపతిగా చేసినవాడు, ఏ మూకకూ లొంగని స్వతంత్రుడిగా పేరున్నవాడు. 1950లో 187 ఓట్లతో, 1951లో 467 ఓట్లతో బయటపడ్డాడు. సభలో డిప్యూటీ స్పీకర్ స్థాయి పదవి కూడా చూశాడు. పార్టీ దేశమంతటా అడుగంటుతుంటే ఇక్కడ నిలిచినది మోరిస్ మనిషి మీది నమ్మకంతోనే అనాలి. 1956లో ఆయన పోయాక ఆ నమ్మకానికి వారసులెవరన్న ప్రశ్న వచ్చింది.

మేగన్, 1957

ఆ ప్రశ్నకు వచ్చిన జవాబు లిబరళ్ళకు చేదుగా తగిలింది. మేగన్ లాయిడ్ జార్జ్ మాజీ ప్రధాని, లిబరళ్ళ ఆరాధ్యుడు డేవిడ్ లాయిడ్ జార్జ్ కూతురు. 1929లో ఆంగ్లెసీ నుంచి గెలిచి వేల్స్‌లో తొలి మహిళా ఎంపీ అయింది. 1951లో ఓడింది. లిబరళ్ళు కుడివైపు జరుగుతున్నారని 1955లో లేబర్‌లో చేరింది. ఆవిడనే లేబర్ కార్మార్థెన్‌లో నిలబెట్టింది.

1957 ఫిబ్రవరి 28న పోలింగు. సూయజ్ కాలువ కోసం బ్రిటన్ ఈజిప్టు మీద దాడి చేసిన సంక్షోభం అప్పుడే ముగిసింది. లిబరల్ పార్టీ సూయజ్ దాడిని తప్పుపట్టింది, కానీ కార్మార్థెన్ లిబరల్ అభ్యర్థి జాన్ మోర్గన్ డేవిస్ ప్రధాని ఈడెన్ నడిపిన కన్సర్వేటివ్ ప్రభుత్వాన్ని సమర్థించాడు. కన్సర్వేటివులు పోటీకే దిగలేదు. అంటే లిబరల్ నాయకుడి కూతురు లేబర్ తరఫున ప్రభుత్వాన్ని ఎదిరిస్తోంది, లిబరల్ అభ్యర్థి కన్సర్వేటివ్ విధానాన్ని వెనకేసుకొస్తున్నాడు. తాత ముత్తాతల నుంచి లాయిడ్ జార్జ్ బొమ్మ గోడకు తగిలించుకున్న ఇంట్లో ఓటు ఎటు వేయాలి? మేగన్‌కు 23,679, డేవిస్‌కు 20,610, ప్లైడ్ కమ్రీ అభ్యర్థి జెన్నీ ఐరియన్ డేవిస్‌కు 5,741 వచ్చాయి. కామన్స్ సభలో లిబరళ్ళ బలం అయిదుగురికి పడిపోయింది. పార్టీకి కొత్తగా నాయకుడైన జో గ్రిమండ్‌కు ఇదే తొలి పరీక్ష.

ఆ తర్వాత మేగన్ మెజారిటీ బాగా పెరిగింది. 1966 మార్చి 31న జరిగిన సాధారణ ఎన్నికలో 9,233. లేబర్‌కు ఇక ఈ సీటు శాశ్వతం అని పార్టీ వాళ్ళు అనుకోవడంలో వింత లేదు. అయితే ఆ ప్రచారంలో అభ్యర్థి ఊళ్ళలో కనిపించలేదు. మేగన్ రొమ్ము క్యాన్సర్‌తో మంచం పట్టింది. మే 14న కన్నుమూసింది.

1966 జులై 14

ఈ నియోజకవర్గం పేరు చరిత్ర పుస్తకాలకెక్కింది తర్వాతి ఉపఎన్నికతోనే. లేబర్ అభ్యర్థి గ్విలిమ్ ప్రిస్ డేవిస్ వేల్స్ భాషాభిమాని, న్యాయవాది, వేల్స్‌కు సొంత ఎన్నికైన మండలి కావాలని వాదించినవాడు. పెట్టకూడని మనిషిని పెట్టారని అనడానికి వీల్లేదు. ప్లైడ్ కమ్రీ అభ్యర్థి గ్విన్‌వోర్ ఎవాన్స్ 1945 నుంచి ఆ పార్టీ అధ్యక్షుడు. పుట్టింది ఇంగ్లిషు మాట్లాడే బారీ పట్టణంలో. వేల్స్ భాష పెరిగి పెద్దయ్యే వయసులో నేర్చుకున్నాడు. న్యాయశాస్త్రం చదివి, యుద్ధాన్ని వ్యతిరేకించి, ఇదే జిల్లాలోని లంగాడొగ్ ఊళ్ళో గాజు ఇళ్ళలో టమాటాలు పండించి బతికాడు. 1949 నుంచి జిల్లా కౌన్సిలు సభ్యుడు. అయినా మార్చిలో ఆయనకు వచ్చినవి 7,416 ఓట్లు, మూడో స్థానం.

పదిహేను వారాల్లో అవి 16,179 అయ్యాయి. లేబర్‌కు 13,743, లిబరల్ హైవెల్ డేవిస్‌కు 8,650, కన్సర్వేటివ్ సైమన్ డేకు 2,934. కన్సర్వేటివ్ డిపాజిట్ పోయింది. మెజారిటీ 2,436. ప్లైడ్ కమ్రీకి కామన్స్ సభలో అదే తొలి సీటు. అర్ధరాత్రి దాటాక గిల్డ్‌హాల్ ముందు చౌకులో గుమిగూడిన జనానికి ఫలితం తెలిసింది.

దీనికి కారణాలు చెప్పేవాళ్ళు ముందు ట్రవెరిన్ పేరెత్తుతారు. లివర్‌పూల్ నగరానికి నీళ్ళ కోసం ఉత్తర వేల్స్‌లోని ట్రవెరిన్ లోయలో ఉన్న కపెల్ కెలిన్ ఊరిని 1965లో ముంచేశారు. అది దూరపు ఊరు. కార్మార్థెన్ ఓటరుకు దగ్గరి సంగతి లంగన్‌డైర్న్. స్వాన్సీ నగరపాలక సంస్థ తన నీటి అవసరాల కోసం ఆ ఊరున్న చిన్న గ్వెండ్రైత్ లోయను ముంచాలని చూసింది. 1963లో సర్వే చేయడానికి మనుషులు వస్తే రైతులు పొలాల గేట్లకు గొలుసులు బిగించి తాళాలు వేశారు, అడ్డంగా యంత్రాలు నిలిపారు. ఎవరైనా వస్తున్నారని తెలియగానే చర్చి గంట మోగించాలని ఏర్పాటు. చివరికి స్వాన్సీ ఆ ఆలోచన మానుకుని ఎగువన కొండల్లో మరోచోట జలాశయం కట్టుకుంది. ట్రవెరిన్‌లో ఊరు మునిగితే ఇక్కడ ఊరు నిలిచింది. ఆ పోరాటంలో గ్విన్‌వోర్ రైతుల పక్షాన ఉన్నాడు. వీటికి తోడు కార్మార్థెన్ నుంచి ఆబరిస్టవిత్‌కు వెళ్ళే ప్రయాణికుల రైలును 1965లో ఆపేశారు. గనులు మూతపడుతున్నాయి. ప్రధాని విల్సన్ లేబర్ ప్రభుత్వం ఆర్థిక సంకటంలో ఉంది. జీతాల స్తంభన ప్రకటన పోలింగు తర్వాత ఆరు రోజులకే వచ్చింది.

అంకెలు చూస్తే మరో సంగతి తేలుతుంది. మార్చితో పోలిస్తే లిబరళ్ళు సుమారు 3,300 ఓట్లు పోగొట్టుకున్నారు, లేబర్ సుమారు 7,500. పోలింగు తగ్గినందువల్ల పోయినవి కొన్ని. మిగిలినవన్నీ సోషలిస్టు ఓట్లు అనుకోవడం కష్టం. మేగన్ పేరు చూసి, ఆవిడ తండ్రి పేరు చూసి లేబర్‌కు వేసిన పాత లిబరల్ ఓట్లు వాటిలో చాలానే ఉన్నాయని నా అంచనా. ఆ ఓటు లేబర్ దగ్గర తొమ్మిదేళ్ళు అతిథిగా ఉండి, యజమానురాలు పోగానే బయల్దేరింది.

ఫలితం ప్రభావం నియోజకవర్గం దాటింది. 1967లో రోండా వెస్ట్, 1968లో కేర్‌ఫిలి ఉపఎన్నికల్లో ప్లైడ్ కమ్రీ లేబర్ కంచుకోటలను గెలుపు అంచుదాకా కదిలించింది. స్కాట్లండ్‌లోని హామిల్టన్‌లో 1967లో అక్కడి జాతీయవాద పార్టీ తరఫున విన్నీ యూయింగ్ గెలిచింది. వేల్స్ భాషకు చట్టం 1967లో వచ్చింది. అధికార వికేంద్రీకరణను పరిశీలించడానికి ప్రభుత్వం 1969లో రాయల్ కమిషన్ వేసింది.

మూడు ఓట్లు

1970లో లేబర్ తరఫున ఇరవై ఏడేళ్ళ గ్వినోరో జోన్స్ గ్విన్‌వోర్‌ను 3,907 ఓట్లతో ఓడించాడు. పేర్లు ఇంత దగ్గరగా ఉండటం తెలుగు పాఠకులకే కాదు, లండన్ విలేకరులకూ తలనొప్పిగానే ఉండి ఉంటుంది. ఇద్దరికీ మధ్య విరోధం మాత్రం నిజమైనది, ఘాటైనది. 1974 ఫిబ్రవరిలో రీకౌంటింగుల మీద రీకౌంటింగులు చేశాక తేలిన లెక్క: గ్వినోరోకు 17,165, గ్విన్‌వోర్‌కు 17,162. అదే రోజు ఉత్తరాన ప్లైడ్ కమ్రీ రెండు సీట్లు గెలిచింది. పార్టీ అధ్యక్షుడు మాత్రం మూడు ఓట్లతో బయట నిలిచాడు. అక్టోబరులో మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. ఈసారి గ్విన్‌వోర్‌కు 23,325, గ్వినోరోకు 19,685. గ్వినోరో జోన్స్ తర్వాత 1981లో లేబర్‌ను వదిలి కొత్తగా పుట్టిన సోషల్ డెమోక్రటిక్ పార్టీలో చేరాడు. ఈ సీటు నుంచి పార్టీ మారినవాళ్ళ జాబితా అలా పెరుగుతూనే ఉంది.

1979 మార్చి 28న కాలహాన్ లేబర్ ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం వచ్చింది. పలకరాళ్ళ గనుల్లో ఊపిరితిత్తులు పాడైన కార్మికులకు నష్టపరిహారం ఇస్తామన్న మాట మీద ప్లైడ్ కమ్రీ ముగ్గురు సభ్యులూ ప్రభుత్వానికి ఓటేశారు. అయినా ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది. అయిదు వారాలకు జరిగిన ఎన్నికల్లో గ్విన్‌వోర్‌ను 1,978 ఓట్లతో ఓడించింది ఆ లేబర్ పార్టీయే. అభ్యర్థి డాక్టర్ రోజర్ థామస్. అదే మార్చి 1న వేల్స్ శాసనసభ మీద జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో అయిదింట నాలుగు వంతుల మంది వద్దన్నారు. ప్లైడ్ కమ్రీకి అది ఎదురుగాలి ఏడాది.

సీటు పోయిన గ్విన్‌వోర్ ఎంపీగా ఉన్నప్పటికన్నా పెద్ద పని ఓడిపోయాకే చేశాడు. వేల్స్ భాషలో టీవీ ఛానల్ ఇస్తామన్న హామీని థాచర్ ప్రభుత్వం మార్చుకుంటే, 1980 అక్టోబరు 6 నుంచి ఆమరణ నిరాహారదీక్ష చేస్తానని ప్రకటించాడు. గడువుకు ముందే, సెప్టెంబరులో ప్రభుత్వం దిగివచ్చింది. ఎస్‌4సీ ఛానల్ 1982 నవంబరు 1న ప్రసారాలు మొదలుపెట్టింది. 1983లో ఆయన చివరిసారి పోటీ చేసి మూడో స్థానంలో నిలిచాడు. రోజర్ థామస్ కన్సర్వేటివ్ అభ్యర్థిని 1,154 ఓట్లతో దాటాడు. 1987, 1992లలో లేబర్ తరఫున అలన్ విలియమ్స్ గెలిచాడు.

1997 తర్వాత

1997లో సీటును రెండుగా చీల్చారు. తూర్పు భాగం డినెవర్‌తో కలిసింది, పడమటి భాగం దక్షిణ పెంబ్రోక్‌షైర్‌తో. ఆ ఏడాది రెండూ లేబర్‌కే పోయాయి. 2001లో తూర్పు సీటును ప్లైడ్ కమ్రీ తరఫున ఆడమ్ ప్రైస్ లాక్కున్నాడు, 2010 నుంచి జోనథన్ ఎడ్వర్డ్స్ నిలబెట్టుకున్నాడు. పడమటి సీటు 2010లో కన్సర్వేటివ్ సైమన్ హార్ట్‌కు దక్కింది. తీరప్రాంతపు ఇంగ్లిషు ఊళ్ళు కలవడంతో అక్కడి లెక్కే మారిపోయింది.

1997 సెప్టెంబరు 18న శాసనసభ మీద రెండో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. అర్ధరాత్రి దాటాక కూడా 'వద్దు' పక్షమే ముందుంది. ఆఖరుగా రావలసింది కార్మార్థెన్‌షైర్ ఫలితం. అవునన్నవి 49,115, కాదన్నవి 26,119. ఆ ఒక్క జిల్లా అంకెలతో మొత్తం తిరగబడి, వేల్స్ అంతటా 6,721 ఓట్ల తేడాతో 'అవును' నెగ్గింది. కార్డిఫ్‌లో శాసనసభ వచ్చింది అలాగే.

2024లో వేల్స్ సీట్లను 40 నుంచి 32కు తగ్గించినప్పుడు కైర్‌వర్దిన్ నియోజకవర్గం ఏర్పడింది. అప్పటి ప్రభుత్వ చీఫ్ విప్ సైమన్ హార్ట్ ఇక్కడి నుంచే నిలబడి 8,825 ఓట్లతో మూడో స్థానానికి పడిపోయాడు. ప్లైడ్ కమ్రీ అభ్యర్థి ఆన్ డేవిస్‌కు 15,520, లేబర్ అభ్యర్థి మార్తా ఓనీల్‌కు 10,985 వచ్చాయి. వేల్స్‌లో ఆ రోజు కన్సర్వేటివులకు ఒక్క సీటూ దక్కలేదు. లేబర్ 32కు 27 గెలిచింది. కైర్‌వర్దిన్ ఆ ఇరవై ఏడులో లేదు.